పెరటి గోడ మీద రాత్రి: రెక్కల పురుగులను చూడటం ఎలా?

ఉలవపాడు దగ్గర మా ఊరు. సపోటా తోటలు, మామిడి తోటలు, ఇసుక నేలలు. 2022లో మమ్మల్ని ప్రకాశం నుంచి తీసి నెల్లూరు జిల్లాలో కలిపారు. ఇక్కడి పురుగులకు ఆ సంగతి తెలియదు. మా ఇంట్లో బాత్రూం బయట, పెరట్లో ఉంటుంది. దాని తలుపు పైన ఒక బల్బు, బల్బు వెనక సున్నం వేసిన గోడ. నేను రెక్కల పురుగులను చూడటం ఆ గోడ దగ్గరే మొదలైంది, ఇప్పటికీ ఎక్కువగా అక్కడే సాగుతోంది. అందుకని ముందే చెబుతున్నాను, ఏమీ కొనకండి. ముందు మీ గోడ చూడండి.

పేరు సంగతి కూడా తేల్చుకుందాం. పుస్తకాల్లో శలభం అంటారు. రైతులు రెక్కల పురుగు అంటారు, పంట పాడుచేసేదైతే తల్లి పురుగు అంటారు. చిమట అనే మాట ఉంది కానీ కొందరికి అది బట్టలు కొట్టే పురుగు, కొందరికి చెట్టు మీద రొద పెట్టే పురుగు. ఆ తికమక మనకొద్దు. నేను రెక్కల పురుగు అనే అంటాను.

సీతాకోకచిలుకకూ దీనికీ తేడా పట్టడం సులువు. మీసాలు చూడండి. సీతాకోక మీసం చివర అగ్గిపుల్ల తలలా చిన్న గుండు ఉంటుంది. రెక్కల పురుగు మీసం దారంలా సన్నగా గానీ, ఈకలా గానీ ఉంటుంది. రాత్రి తిరిగేదంతా రెక్కల పురుగు, పగలు తిరిగేదంతా సీతాకోక అనుకోకండి, పగలు తిరిగే రెక్కల పురుగులూ ఉన్నాయి. మన దేశంలో సీతాకోకలు 1,300 రకాల పైచిలుకు. రెక్కల పురుగులు 10,000 దాటతాయి. మనం పేర్లు నేర్చుకున్నది మాత్రం సీతాకోకలకే.

గోడ దగ్గర మొదటి వారం

రాత్రి 8 తర్వాత ఒకసారి, పడుకునే ముందు ఒకసారి, తెల్లవారి వెలుగు రాకముందు ఒకసారి గోడ చూడండి. మూడు వేళలకు మూడు రకాల జనం వస్తారు. టార్చి నేరుగా కొట్టకండి, గోడకు ఆనించి పక్కవాటుగా వేయండి. అప్పుడు మరక అనుకున్నదానికి నీడ పడుతుంది. నీడ ఉందంటే అది మరక కాదు.

మొదట మీ కంటపడేది బహుశా మీరు ఏళ్ల తరబడి చీపురుతో ఊడ్చేస్తున్నదే. గోడకు అంటుకుని దోసగింజంత, బూడిదరంగులో, రెండు చివరలా సన్నగా ఉండే చిన్న సంచి. కదలకుండా కాసేపు చూడండి. ఒక చివర నుంచి నల్ల తల బయటికొస్తుంది, మూడు జతల కాళ్లతో గోడ పట్టుకుని సంచిని లాక్కుంటూ పోతుంది. వేలితో తాకితే లోపలికి పోయి, కాసేపటికి రెండో చివర నుంచి తల పెడుతుంది. రెండు వైపులా వాకిళ్లున్న ఇల్లన్నమాట. అది ఒక చిన్న రెక్కల పురుగు పిల్ల. పాత సాలెగూళ్లు, వెంట్రుకలు, ఉన్ని దాని తిండి. సున్నపు పొడి, ఇసుక రేణువులు పట్టుతో అతికించి ఆ సంచి కట్టుకుంటుంది. మా ఇంట్లో ఒకదాని సంచి మీద నీలం చుక్కలు కనిపించాయి. మేము తలుపులకు నీలం రంగు వేయించిన నెల అది.

దొండపాదు గానీ దోసపాదు గానీ ఉంటే ఇంకొకటి తప్పకుండా వస్తుంది. తెల్లటి రెక్కలు, కాస్త వెలుతురు ఆనేంత పల్చన, చుట్టూ ముదురు గోధుమరంగు అంచు. అంచు పంచె కట్టినట్టు ఉంటుంది. తోక చివర చిన్న కుంచె. ఆ కుంచెను విప్పి అటూఇటూ ఊపుతూ కూర్చుంటుంది. తోటకూర మడి ఉంటే గోధుమరంగు రెక్కల మీద అడ్డంగా తెల్లపట్టీ ఉండే చిన్నది వస్తుంది. దగ్గరలో వరి ఉంటే గడ్డిరంగు రెక్కలు, ఒక్కో ముందు రెక్క మీద ఒక్కో నల్లచుక్క ఉన్నది కనిపిస్తుంది. అది వరి కాండం తొలుచు పురుగుకు తల్లి. దాన్ని నాకు గుర్తుపట్టి చూపించింది పక్కింటి రైతు. ఆయన దాన్ని చూసిన చూపూ నేను చూసిన చూపూ ఒకటి కాదు.

ఈ మూడూ చూశాక ఒకటి అర్థమవుతుంది. గోడ మీద కూర్చున్నది ఎక్కడి నుంచో దారి తప్పి వచ్చింది కాదు. మీ పెరట్లో, చుట్టుపక్కల ఏ మొక్క ఉందో దాని ఆకు తిని పెరిగిన పురుగే ఎక్కువగా మీ గోడ మీదికి వస్తుంది. అందుకే పురుగు పేరు తెలియకపోతే నేను ముందు పాదులు చూసి వస్తాను.

ఏ రాత్రి కూర్చోవాలి?

ఇక్కడ పంచాంగం పనికొస్తుంది. వెన్నెల రాత్రి పురుగులు దీపానికి సరిగ్గా రావు. బహుళ షష్ఠి దాటినప్పటి నుంచి అమావాస్య మీదుగా శుద్ధ చవితి దాకా మంచి రోజులు. గాలి నిలిచి, ఉక్కగా, మబ్బు పట్టి ఉంటే మరీ మంచిది. ఏ రాత్రి మనకు ఫ్యాన్ కింద కూడా చెమట ఆరదో ఆ రాత్రి పురుగులకు పండగ. సముద్రపు గాలి జోరుగా ఉన్న రాత్రి తీరం వైపు ఊళ్లలో కూర్చోవడం దండగ.

2012 నుంచి ఏటా జులై చివరి వారంలో చాలా దేశాల్లో రెక్కల పురుగుల వారం జరుపుతారు, అమెరికాలో మొదలైంది. సరదాగా కలవండి, తప్పులేదు. కానీ జులైలో మన దగ్గర ఎండలే ఎక్కువ. మనకు అసలు వానలు ఈశాన్య రుతుపవనాలతో, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. ఆశ్వయుజం, కార్తీకం మన సీజన్. వాన వెలిసిన మర్నాటి రాత్రికి మించినది లేదు. వాన వెలిసిన ఆ సాయంత్రమే మాత్రం కూర్చోకండి, ఉసిళ్లు లేస్తాయి. నేను మొదటిసారి ఆ తప్పే చేశాను. పది నిమిషాల్లో, పురుగులు వాలాలని లైటు దగ్గర వేలాడదీసిన పంచె కనపడలేదు, చొక్కాలో, చెవుల్లో, టీ గ్లాసులో ఉసిళ్లే. అలా లేస్తే లైటు ఆర్పి అరగంట ఇంట్లోకి పోండి. వాటి ఆర్భాటం ఎక్కువసేపు ఉండదు.

పంచె, లైటు

పురుగులు వాలడానికి ఉతికిన తెల్ల నూలు పంచె ఒకటి తీసుకోండి. పాలిస్టర్ వద్దు, కాళ్లకు పట్టు దొరకదు. నీలిమందు ఎక్కువ పెట్టనిదైతే ఫోటోలో రంగులు సరిగ్గా వస్తాయి. రెండు చెట్ల మధ్య తాడు కట్టి దాని మీద వేలాడదీయండి, అడుగు అంచు నేల మీద రెండు మూర్ల పొడుగున పరిచి రాళ్లు పెట్టండి. చాలా పురుగులు పంచె మీద వాలకుండా కింద గడ్డిలో పడతాయి. నేల మీద పరిచిన ఆ భాగం లేకపోతే వాటిని తొక్కేస్తారు.

లైటు విషయంలో కొంచెం జాగ్రత్త. ఇప్పటి ఎల్ఈడీ బల్బుల్లో మన కంటికి కావలసిన వెలుగే ఉంటుంది, పురుగులకు కావలసిన అతినీల (యూవీ) కాంతి దాదాపు ఉండదు. అందుకే ఎల్ఈడీ పెట్టించుకున్న ఇళ్లలో "ఇదివరకటిలా పురుగులు రావడం లేదు" అంటుంటారు, అది పూర్తిగా పురుగులు తగ్గినందుకే కాదు. పాత ట్యూబ్‌లైటు మేలు. ఇంకా మేలు, దొంగనోట్లు చూసే లైటు లాంటి అతినీల ఎల్ఈడీ బల్బు, 365 నానోమీటర్లది. దాన్ని కళ్లతో సూటిగా చూడకూడదు, పిల్లల ఎత్తుకు పెట్టకూడదు. వైరు నేల మీద తడిలో ఉండకుండా చూసుకోండి.

దీపానికి పురుగు ప్రేమతో వస్తుందని మన కవులు అన్నారు. అసలు సంగతి అంత అందంగా లేదు. ఎగిరే పురుగు ఎప్పుడూ వీపును వెలుతురు వైపు ఉంచుకుని ఎగురుతుంది. రాత్రి ఆకాశం నేల కంటే వెలుగ్గా ఉంటుంది కాబట్టి ఆ లెక్కతో తిన్నగా పోగలదు. మధ్యలో మన బల్బు వచ్చేసరికి దానికి వీపు తిప్పుకుంటూ, తిప్పుకుంటూ అక్కడే గిరగిరా తిరుగుతుంది. 2024లో వచ్చిన ఒక పరిశోధన వేగంగా తీసే కెమెరాలతో దీన్ని చూపించింది. అంటే మనం దాన్ని పిలవడం లేదు, దారి చెడగొడుతున్నాం. ఈ మాట గుర్తుంటే రాత్రంతా లైటు వేసి వదిలేయరు. నేను 11 గంటలకు ఆర్పేస్తాను.

మొదటిసారి పంచె కట్టినప్పుడు మా అమ్మ, "ఏందిరా ఇది, ఊళ్లో ఎవురన్నా చూస్తే సినిమా వేస్తన్నారనుకుంటారు" అంది. పక్కింటి రైతు గోడ మీదుగా చూసి, "మేము మందు కొట్టలేక చస్తంటే నువ్వు పిలిచి మరీ కూర్చోబెడతన్నావా అబ్బయ్యా?" అన్నాడు. ఆయన మాటలో న్యాయం ఉంది. వచ్చేవాటిలో పంట పాడుచేసేవి కొన్నే అయినా, ఆ కొన్ని ఆయన కడుపు కొడతాయి. కాబట్టి నారుమడి పక్కన, మిరప చేను గట్టున లైటు పెట్టకండి. పెరట్లో, చేలకు దూరంగా పెట్టండి.

పొద్దుగూకే వేళ పాదుల దగ్గర

లైటు, పంచె ఏవీ లేకుండా చూడగలిగేది ఇది, నాకు అన్నిటికన్నా ఇష్టమైనది కూడా. సొరపాదు, పొట్లపాదు, చంద్రకాంత, పారిజాతం, బొప్పాయి. వీటి పూలు తెల్లగానో లేత రంగులోనో ఉండి సాయంత్రం విచ్చుకునేవి గానీ, చీకట్లో వాసన వదిలేవి గానీ. ఎవరి కోసమో అర్థమైంది కదా.

సూర్యుడు దిగాక, ఇంకా కాస్త వెలుగుండగానే సొరపందిరి కింద స్టూలు వేసుకుని కూర్చోండి. ఫోన్ జేబులో పెట్టండి. మొదట చెవులకు తెలుస్తుంది, దూరంగా చిన్న మోటారు తిరుగుతున్నట్టు. తర్వాత పూల ముందు గాలిలో నిలబడి ఒక బూడిదరంగు మసక కనిపిస్తుంది. రెక్కలు కనపడవు, ఒళ్లు మాత్రం బాణంలా నిశ్చలంగా ఉంటుంది. దాని నోటి నుంచి సన్నటి తీగ ఒకటి సాగి పువ్వులోకి దిగుతుంది. ఆ తీగ దాని ఒంటి కంటే పొడుగు. చిలగడదుంప, తూటితీగ జాతి మొక్కల మీద పెరిగే హాక్‌మాత్ అనే పెద్ద రెక్కల పురుగు అది. పొట్ట పక్కల గులాబీ, నలుపు పట్టీలు ఉంటాయి. ఒక పువ్వు దగ్గర రెండు మూడు సెకన్లు, తర్వాత ఇంకో పువ్వు. టార్చి వేయాలనిపిస్తుంది, వేయకండి. వేశారో పోయింది.

పండు తినేవాటి కోసం ఒక తాడు

కొన్ని రెక్కల పురుగులకు పూలు అక్కరలేదు, మగ్గిన పండు కావాలి. వాటికోసం అరకిలో బెల్లం కొద్ది నీళ్లతో పాకం పట్టి దించండి. చల్లారాక నాలుగు బాగా మగ్గిన అరటిపండ్లు పిసికి కలపండి. కల్లు దొరికే రోజులైతే ఒక గ్లాసు తాటికల్లు పోయండి, లేదంటే కుండ మూతి గుడ్డతో కట్టి రెండు రోజులు పులియనివ్వండి. చెట్టు మొదలుకు పూస్తే చీమలు తప్ప ఇంకేవీ రావు, అది నా అనుభవం. అందుకని కొబ్బరిపీచు తాడు ఆ పాకంలో ముంచి, చీకటి పడేముందు బట్టల తీగకు వేలాడదీయండి. చీమలు దిగకుండా పై కొసన ఆముదం పూసిన గుడ్డ చుట్టండి.

గంట తర్వాత చిన్న టార్చితో మెల్లగా వెళ్లండి. ఎండుటాకులా ఉన్నది ఒకటి తాడు మీద ఉంటే దగ్గరగా చూడండి. అది కదిలి ముందు రెక్కలు తెరిస్తే లోపల పసుపు నారింజ రంగు, నల్ల మచ్చ. నిమ్మ, బత్తాయి తోటలవాళ్లకు బాగా తెలిసిన శత్రువు ఇది, పండు రసం పీల్చే రెక్కల పురుగు. గూడూరు, పొదలకూరు నిమ్మతోటల్లో అడగండి, చెబుతారు. దీని నోటి గొట్టం కొన గట్టిగా, కోసుగా ఉండి పండు తొక్కను పొడుచుకుపోతుంది. ఆ కంతలోంచి కుళ్లు మొదలై పండు రాలిపోతుంది. పిల్లదశలో మాత్రం ఇది పండు జోలికి పోదు. తిప్పతీగ, దూసరతీగ ఆకులు తిని పెరుగుతుంది. అందుకే తోట చుట్టూ తిప్పతీగ పీకేయమని రైతులకు చెబుతారు. మీకు నిమ్మతోట లేకపోతే కంచె మీద తిప్పతీగను ఉండనివ్వండి.

గొంగళిని పెంచి చూడటం

నందివర్ధనం, గన్నేరు ఆకులు ఒక కొమ్మకు ఉన్నట్టుండి కనపడకపోతే, కింద నేల మీద మిరియాలంత పెంటికలు పడి ఉంటే, పైన వెతకండి. బొటనవేలంత లావు ఆకుపచ్చ గొంగళి ఉంటుంది, తోక మీద చిన్న కొమ్ము. మెడ దగ్గర నీలం, తెలుపు కలిసిన రెండు కళ్లు ఉంటాయి, అవి కళ్లు కావు. కొమ్మ కదిలిస్తే తల లోపలికి ముడిచి ఆ దొంగ కళ్లు చూపిస్తుంది. ఓలియాండర్ హాక్‌మాత్ పిల్ల అది. పెద్దయ్యాక సైన్యం వాళ్ల బట్టల్లా ఆకుపచ్చ, గులాబీ, తెలుపు కలగలిసిన రెక్కలు వస్తాయి.

కొమ్మతో సహా తెచ్చి, అడుగున నాలుగు వేళ్ల మందాన తేమ మట్టి, దాని మీద ఎండుటాకులు వేసిన ప్లాస్టిక్ డబ్బాలో పెట్టండి. మూతికి గుడ్డ కట్టండి. రోజూ అదే చెట్టు ఆకు, తాజాగా. వేరే ఆకు పెడితే ఆకలితో చస్తుంది గానీ తినదు. గన్నేరు పాలు విషం, చేతులు కడుక్కోండి. పచ్చరంగు పోయి మట్టిరంగుకు తిరిగి, తిండి మాని డబ్బాలో తిరుగుతుంటే ఆకుల కిందికి దిగబోతోందని అర్థం. ఇక కదిలించకండి. రెండు వారాలు అటూఇటూగా బయటికొస్తుంది, ఎక్కువగా రాత్రిపూట. ఎక్కడానికి ఒక గరుకు పుల్ల డబ్బాలో నిలబెట్టి ఉంచండి. రెక్కలు సాగడానికి వేలాడే చోటు లేకపోతే అవి ముడతపడే ఉండిపోతాయి.

నేను పెంచిన మొదటిది బయటికి రాలేదు. ఒక ఉదయం చూస్తే దాని వీపంతా బియ్యం గింజల్లాంటి తెల్ల గూళ్లు, ఇంకా బతికే ఉంది, కదలడం లేదు. వారానికి ఆ గూళ్లలోంచి దోమంత నల్ల కందిరీగలు వచ్చాయి. చిన్నప్పుడే దాని ఒంట్లో గుడ్లు పెట్టి ఉంటాయవి. నాకు ఆ రోజు అన్నం సయించలేదు. తర్వాత పక్కింటాయనకు చెబితే, "అవి ఉండబట్టే మా చేలు ఆ మాత్రమన్నా మిగులుతున్నాయి" అన్నాడు.

నువ్వుచేలు ఉన్న ఊళ్లలో ఇంకా పెద్దది, ఏటవాలు చారల గొంగళి దొరుకుతుంది, తోక కొమ్ము ముడతపడి ఉంటుంది. అది పెద్దయ్యాక వీపు మీద పుర్రె బొమ్మ ఉంటుంది. తేనెపట్టుల్లో దూరి తేనె తాగుతుంది, పట్టుకుంటే చుంచెలుకలా కీచుమంటుంది. ఇంట్లోకి వస్తే భయపడి చీపురు తీయకండి. కుట్టదు, కరవదు, పుర్రె ఒట్టి బొమ్మే.

తాకకూడనివి

మునగచెట్టు మొదట్లో వానాకాలంలో గుంపుగా పరుచుకునే బొచ్చు గొంగళ్లు మీకు తెలుసు. ఒళ్లంతా దద్దుర్లు. కొబ్బరి, దానిమ్మ, ఆముదం ఆకుల అడుగున ఆకుపచ్చగా, ముళ్లతో, జారుతున్నట్టు నడిచేది కూడా తాకితే మంటే. పంచె దగ్గరికి వచ్చే చీమంత పొడుగు, నారింజ నలుపు పట్టీల సన్న పురుగు మీ మెడ మీద వాలితే నలపకండి, ఊదేయండి. నలిగితే దాని రసానికి చర్మం బొబ్బలెక్కుతుంది. పొరపాటున నలిగితే సబ్బుతో కడగండి.

చీకట్లో చెప్పుల్లేకుండా తిరగవద్దు, ఇది మరీ ముఖ్యం. కట్లపాము రాత్రి తిరిగేదే, పురుగుల కోసం కప్పలు, కప్పల కోసం పాములు లైటు దగ్గరికి వస్తాయి. అతినీల టార్చి ఉంటే దాన్ని ఒకసారి రాళ్లగోడ మీదికి, కట్టెల మోపు మీదికి తిప్పండి. తేళ్లు ఆ వెలుతురులో పచ్చగా మెరుస్తాయి, రేడియం అంటించినట్టు. మా గోడ రాళ్లలో ఒక్క రాత్రి నాలుగు లెక్కపెట్టాను. ఆ గోడ మీదే నేను రోజూ చేతులు ఆనించి నిలబడేవాణ్ని.

ఫోటో ఎలా?

రెక్కలు పరిచి కూర్చున్నప్పుడు పైనుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి, పక్కన రూపాయి బిళ్ల పెట్టి ఒకటి. తేదీ, ఊరు, దగ్గరలో ఉన్న మొక్క రాసుకోండి. మాత్స్ ఆఫ్ ఇండియా సైట్‌లో, ఐనాచురలిస్ట్ యాప్‌లో పోల్చుకోవచ్చు. పేరు దొరక్కపోతే టెన్షన్ పడొద్దు. నా నోటు పుస్తకంలో "బూడిద, మెలిక గీత, కరివేపాకు దగ్గర" అని రాసుకున్నది మూడేళ్లుగా అలాగే ఉంది.

తెల్లవారేముందు ఒక పని మిగిలి ఉంటుంది. పసల పోలిగాడు, గోరింక, బల్లి, ఉడుత అన్నీ మీ పంచె సంగతి రెండో రోజుకే కనిపెడతాయి. మా కరెంటు తీగ మీద పసల పోలిగాడు అయిదున్నరకే హాజరు. చూడముచ్చటగానే ఉంటుంది కానీ, ఆ పురుగుల్ని అక్కడ కూర్చోబెట్టింది మనం. కాబట్టి వెలుగు రాకముందే పంచెను కంచె పక్కన పొదల మీద మెల్లగా దులపండి. గోడ మీదివాటిని గ్లాసు బోర్లించి, కింద కాగితం జారవిడిచి ఆకుల నీడలో వదలండి. మడిచే ముందు పంచె రెండు వైపులా చూడండి. ఒకసారి చూడకుండా మడిచి పెట్టాను, మర్నాడు పూజకని మా నాన్న విప్పితే పుర్రె బొమ్మది బయటికొచ్చింది. అప్పటినుంచి నా పంచె వేరు.